చనిపోయి సిలబస్‌లో చేరిన రచయిత్రి

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సిలబస్ ఎలా తయారవుతుంది సార్?" అని అడుగుతుంటారు. పెద్దవాళ్లు కూర్చుని, చదివి, చర్చించి తయారు చేస్తారని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం ఇష్టంలేక ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు పెన్షన్ మీద బతుకుతున్నవాణ్ణి, నన్నెవరూ చేసేదేమీ లేదు కాబట్టి చెప్పేస్తాను. మా కాలేజీ ఎం.ఏ. సిలబస్‌లో ఒక ఆఫ్రికన్ అమెరికన్ నవలా రచయిత్రి ఉంది. చనిపోయినందువల్ల ఆమెకు అందులో చోటు దొరికింది. ఆమె ఇప్పటికీ నిక్షేపంగా బతికే ఉంది.

నేను గుడియాత్తంలో ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేశాను. ఇల్లు వేలూరు. రోజూ పొద్దున కాట్పాడిలో ప్యాసింజరెక్కి, లత్తేరి దాటేదాకా కునుకు తీసి, గుడియాత్తం స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి ఊళ్లోకి షేర్ ఆటోలో వెళ్లేవాణ్ణి. మాది ఈ ప్రాంతంలో ఎన్నో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, జీతం ఇంగ్లీషుకు. తెలుగు అక్షరాలు మాత్రం పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. మా ఆవిడది చిత్తూరు. సినిమా పత్రికలు ముందు పెట్టుకుని గుణింతాలు దిద్దించింది. ఇందులో తప్పులేమైనా ఉంటే ఆవిణ్ణే అడగండి.

ఆ రచయిత్రి నాకు దొరికింది ఒక లాడ్జి పుణ్యాన. వేలూరులో పెద్దాసుపత్రి ఎదురు సందులన్నీ లాడ్జీలే. దేశం నాలుగు మూలల నుంచీ రోగులొచ్చి నెలల తరబడి ఉంటారు. వెళ్లేటప్పుడు బరువెందుకని పుస్తకాలు వదిలేసి పోతారు. అవన్నీ పాత పేపర్ల కొట్టుకు చేరతాయి. నా అమెరికన్ సాహిత్య పరిజ్ఞానంలో సగం పరాయివాళ్ల కిడ్నీ రాళ్ల దయ. అట్ట చిరిగిన ఈ నవల కూడా అక్కడే, వంటల పుస్తకాల కింద కనబడింది.

కొనుక్కుని రైల్లో చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు గుడియాత్తం దాటిపోయి వాణియంబాడిలో తేలాను.

ఆమె కథ చెప్పాలి మీకు. అమెరికా దక్షిణాదిలో పొగాకు పండే ఊళ్లో పుట్టింది. ముత్తవ్వ బానిసగా పుట్టిన మనిషి. తల్లి పొగాకు ఫ్యాక్టరీలో ఆకులకు ఈనెలు తీసేది. ఈమె కూడా చిన్న వయసులోనే అదే పనికి చేరింది. గాలాడని పెద్ద షెడ్డు, నల్లజాతి ఆడవాళ్లు వరసగా కూర్చుని ఈనెలు తీస్తూ ఉంటారు, పొగాకు దుమ్ముకు దగ్గుతూ ఉంటారు. దుమ్ము మరిచిపోవడానికి పాడుకుంటారు. ఈమెకు గొంతు లేదు. అందుకని పాడే బదులు పక్కవాళ్లకు కథలు చెప్పేది. తర్వాత ఎవరిళ్లలోనో వంటపని చేసింది, చాకిరీ మధ్యలో చదువుకుంది, పిల్లలకు పాఠాలు చెప్పింది. నడివయసు దాటాక, ఒకప్పుడు షెడ్డులో నోటితో చెప్పిన కథనే కాగితం మీద పెట్టింది. ప్రచురణకర్తలు చాలామంది తిప్పి పంపారట. ఇందులో ఆడవాళ్లు మరీ ఎక్కువ మాట్లాడుతున్నారని వాళ్ల ఫిర్యాదు.

నవలలో జరిగేది చాలా చిన్న సంగతి. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌కి ఆడవాళ్ల పాటంటే ఇష్టం. పాటతో చేతులు వడిగా ఆడతాయని లెక్క. ఊరి పెద్దల్ని పిలుచుకొచ్చి, చూడండి మా వాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో అని చూపించేవాడు. ఒకరోజు పనిలోనే ఒకావిడ కూలబడి చనిపోతుంది. మర్నాటినుంచి మిగతావాళ్లు పని మానరు, గొడవ చెయ్యరు, పాట మాత్రం ఆపేస్తారు. ఆ నిశ్శబ్దానికి సూపర్‌వైజర్‌కి నిద్ర కరువవుతుంది. అంతే కథ. నా ఉద్యోగ జీవితంలో నేను చదివిన గొప్ప నవలల్లో అది ఒకటి.

దాన్ని సిలబస్‌లో పెట్టించాలని పట్టుబట్టాను. మా డిపార్ట్‌మెంట్ హెడ్ పట్టనివ్వలేదు.

మా హెడ్ చెడ్డవాడు కాదు. జోలార్‌పేట మనిషి, మడత నలగని చొక్కా, నుదుట విభూతి, ఫోన్లో ప్రతి పొద్దునా అందరికీ పంపే సుప్రభాత సూక్తులు. ఆయన మాట్లాడేది తమిళమూ ఇంగ్లీషూ కలిపి. మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

"ఆమె బతికుంది కదా," అన్నాడు మొదటిసారి.

"ఉంటే ఏం సార్?"

"బతికున్న రచయితల్ని నమ్మకూడదు. ఈరోజు నవల రాస్తారు, రేపు పేపర్లో ఏదో వాగుతారు. సమాధానం చెప్పుకోవాల్సింది మనం. చనిపోయినవాళ్లయితే చెప్పాల్సింది చెప్పేసి ఉంటారు. ప్రశాంతంగా పాఠం చెప్పుకోవచ్చు."

మరుసటి ఏడాది ఇంకో కారణం దొరికింది. పరీక్షలో "రచయిత జీవితము, రచనలు" అని పది మార్కుల ప్రశ్న ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. "జీవితం పూర్తికాకుండా జీవితం గురించి ఎలా రాస్తారండీ? పుట్టుక, చదువు, పెళ్లి, రచనలు, మరణం. ఐదు పాయింట్లు, పాయింటుకు రెండు మార్కులు. ఈవిడకు ఎనిమిదే వస్తాయి," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. సిలబస్ ఖాయం చేసే బోర్డులో మిగతావాళ్లు కూడా ఈ లెక్కలో తప్పు కనబడక తలలూపారు.

ఇంకో రూలు కూడా ఉండేది. ఎం.ఏ. చివర రాసే ప్రాజెక్టు సిలబస్‌లో ఉన్న రచయితల మీదే రాయాలి. ఆ రూలుకు చిక్కుకున్నది నా దగ్గర చదివే ఒకమ్మాయి.

ఆ అమ్మాయిది గుడియాత్తంలో బీడీలు చుట్టే వీధి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ చదవడం రాదు. ఒకరోజు వరండాలో నేను మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, "సార్, మీరు మన మాట మాట్లాడతారా?" అని తెలుగులోకి దిగింది. అప్పణ్ణుంచి క్లాసులో ఇంగ్లీషు, బయట తెలుగు. పుస్తకమేదైనా ఇమ్మని అడిగితే ఈ నవల ఇచ్చాను. వారం తర్వాత వచ్చి, "ఇది మా యమ్మోళ్ల కతే సార్," అంది.

సాయంత్రాలు తల్లీ, పక్కింటి ఆడవాళ్లూ ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, వాళ్లకు రోజుకింత అని నవల చెప్పడం మొదలుపెట్టింది. పేర్లు నోరు తిరగక, కథానాయికకు వాళ్లు పొగాకక్క అని పేరు పెట్టారు. నవలలో సూపర్‌వైజర్ ఒకావిడ ఆకుల బుట్టను తన్నే చోటికి వచ్చేసరికి పని ఆపి, వీధిలోకి బీడీలు ఎంచడానికి వచ్చే కంట్రాక్టరు మనిషిని తిట్టారట. పాట ఆపే చోట వాదన వచ్చింది. అది నేను స్వయంగా విన్నాను. ఒకసారి ఆ అమ్మాయి పిలిస్తే వాళ్లింటికి వెళ్లాను.

"పాట నిలిపితే వానికేం నష్టం? ఆకు నిలపాల," అంది ఒక ముసలావిడ.

"ఆకు నిలిపితే మన కూలి పోతాది పెద్దమ్మా. పాట నిలిపితే వాని నిద్ర పోతాది," అంది అమ్మాయి తల్లి. చెయ్యి మాత్రం ఆగలేదు, ఆకులో పొగాకు వేసి చుట్టి దారం కడుతూనే ఉంది.

ఈ వాదనల గురించే ప్రాజెక్టు రాస్తానంది అమ్మాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఈ నవలను ఎలా విన్నారు, ఎక్కడ ఒప్పుకున్నారు, ఎక్కడ కొట్లాడారు అని. నాకు ఒళ్లు జలదరించింది. మా హెడ్‌కి మాత్రం ఏమీ కాలేదు. "సిలబస్‌లో లేదు," అని కాగితం వెనక్కిచ్చేశాడు. ప్రకృతి కవి ఎవరి మీదో రాయమన్నాడు, పాత ప్రాజెక్టులు లైబ్రరీలో ఉన్నాయి, చూసి రాసుకోవచ్చన్నాడు.

"చూసి రాసేదానికి ఇంత దూరం చదవాల్నా సార్?" అంది నాతో. "దీని మింద రాయనిస్తే రాస్తా. లేదంటే చెప్పుల కంపెనీ బండెక్కతా. మా యమ్మ ఆడ మాట్లాడి పెట్టి ఉండాది. ఈ ఒక్క సెమిస్టరే టైమిచ్చినారు."

వాళ్ల వీధి చివరకు తెల్లవారకముందే కంపెనీ వ్యాన్ వస్తుంది. ఆ వీధిలో ఆడపిల్లలు చాలామంది అందులోనే వెళతారు. అదేమీ బెదిరింపు మాట కాదు. చేసే మనిషే అని నాకు తెలుసు, అందుకే భయం వేసింది.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున లత్తేరి దగ్గర ఫోన్ మోగింది. డిపార్ట్‌మెంట్ గ్రూపులో మా హెడ్ ఒక ఫోటో పెట్టాడు. కింద చేతులు జోడించిన బొమ్మలు బారుగా. ఫోటోలో మన రచయిత్రి, నలుపు తెలుపు. చుట్టూ తెల్లటి పూల అంచు. కింద వెలుగుతున్న కొవ్వొత్తులు. పుట్టిన సంవత్సరం, పక్కన ఒక గీత. గీత తర్వాత ఖాళీ.

అమెరికాలో ఎవరో అభిమానులు ఆమె పుట్టినరోజుకు తయారు చేసుకున్న బొమ్మ అది. కొవ్వొత్తులు పుట్టినరోజు కొవ్వొత్తులు. గీత పక్కన ఖాళీ అంటే ఆమె ఇంకా ఉందని. కానీ మా వైపు నలుపు తెలుపు ఫోటో, పూల అంచు, దీపం ఈ మూడూ కలిస్తే ఒకటే అర్థం. ఎవరైనా పోతే గంటలో అలాంటి ఫ్లెక్స్ వీధి మొగలో లేస్తుంది, పైన "కన్నీటి అంజలి" అని తమిళంలో పెద్ద అక్షరాలుంటాయి. ఆ బొమ్మ చూసి ఇంకోరకంగా అనుకునే మనిషి గుడియాత్తం నుంచి ఆలంగాయం దాకా ఒక్కడుండడు. నేనూ అనుకోలేదు. రైల్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ బాధపడ్డాను.

నేను కాలేజీ చేరేసరికి ఫ్లెక్స్ కూడా వచ్చేసింది. మా హెడ్‌కి ఆ వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. గేటు పక్కన నిలబెట్టారు. పైన రచయిత్రి, కింద దుఃఖిస్తున్నవారి ఫోటోలు. మా సెక్రటరీ, అంటే కాలేజీ నడిపే కమిటీ పెద్ద, లుంగీల వ్యాపారి, మధ్యలో. పక్కన చేతులు జోడించి మా హెడ్. ఆయన ఫోటో రచయిత్రి ఫోటో కంటే కొంచెం పెద్దది.

మధ్యాహ్నం సంతాప సభ. సెక్రటరీ అధ్యక్షత. పరీక్షలు దగ్గర పడుతున్నా సభ ఎందుకంటే, పైనుంచి వచ్చే తనిఖీలకు ఇలాంటి కార్యక్రమాల ఫోటోలు కావాలి. అది ఎవరూ బయటికి అనలేదు, అందరికీ తెలుసు.

సభకు కాస్త ముందు అమ్మాయి మేడ మెట్ల దగ్గర నన్ను ఆపింది. ఫోన్ చూపించింది. రచయిత్రి, రంగుల ఫోటోలో, కేకు కోస్తోంది. చుట్టూ పిల్లలు. నిన్నటిది.

"ఆ యమ్మ బతికే ఉండాది సార్."

నేను హాల్లోకి పరిగెత్తాను. మా హెడ్ ఫోటోకు దండ సరిచేస్తున్నాడు. "సార్, ఒక మాట," అన్నాను.

"సభ తర్వాత," అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు చాలా బాధలో ఉన్నారని తెలుసు. ఈ రోజు స్టేజీ మీద ఒక ప్రకటన చేస్తాను. మీ కోరిక నెరవేరుతుంది. చనిపోయినవారికి మనం చేయగలిగింది అదే కదా."

బయటికొచ్చి అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని కాసేపు ఆలోచించింది.

"ఇప్పుడు చెప్తే ఈ యప్పా మళ్లీ పుస్తకం బయట పెడతాడు గదా సార్."

"పెడతాడు."

"అట్లైతే ఒక గంటసేపు సచ్చిపోయి ఉండనీండి సార్. ఆ యమ్మ ఏమీ అనుకోదు. అట్లాంటి మనిషి కాదు."

నాకు నవ్వాగలేదు. సభలోకి వెళ్లి మూలన కూర్చున్నాను. చేతిరాత బాగుంటుందని డిపార్ట్‌మెంట్ మినిట్స్ రాయడం చాలా ఏళ్లుగా నా పనే. అందువల్ల ఆ రోజు ఉపన్యాసాలన్నీ శ్రద్ధగా వినాల్సి వచ్చింది. సెక్రటరీ ఆమెను మహాకవయిత్రి అన్నాడు. మా హెడ్ ఆమె పేదరికం, కష్టం, ఆమె పాత్రల మాటల్లోని సహజత్వం, అన్నీ చెప్పాడు. నేను మూడేళ్లుగా బోర్డులో చెప్పినవే, ఆయన గొంతులో బాగానే ఉన్నాయి. చివర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవల వచ్చే ఏడాది నుంచి సిలబస్‌లో ఉంటుందని, ప్రాజెక్టులకు మాత్రం ఇప్పటినుంచే తీసుకోవచ్చని ప్రకటించాడు. సెక్రటరీ అక్కడికక్కడే తీర్మానం రాయమన్నాడు. రాశాను. బోర్డు సభ్యులంతా సంతకాలు పెట్టారు.

అంతవరకూ బాగానే ఉంది. మౌనం పాటించడానికి లేచి నిలబడినప్పుడు హాలు తలుపు తెరుచుకుంది.

బీడీ వీధి ఆడవాళ్లు. ముందు అమ్మాయి తల్లి, వెనక ఏడెనిమిది మంది. గేటు దగ్గర ఫ్లెక్స్ చూసినవాళ్లెవరో వీధిలో చెప్పారట. చేటలు దించి వచ్చేశారు. మనిషి పోతే వెళ్లాలి, అంతే. తల్లి చేతిలో కనకాంబరాల దండ. తిన్నగా ఫోటో దగ్గరికి వెళ్లి దండ వేసింది. అక్కడే కింద కూర్చుంది. మిగతావాళ్లు చుట్టూ కూర్చున్నారు. ముసలావిడ మొదలుపెట్టింది.

"మమ్మల్ని చూడకుండానే మా మాట చెప్పినావే అక్కా, ఆకు దుమ్ములో కూచోని మా మాట చెప్పినావే అక్కా..."

మిగతా గొంతులు కలిశాయి. రొమ్ము మీద చెయ్యి వేసుకుని, ఊగుతూ, నిజమైన ఏడుపు. మా హాల్లో అలాంటి ఏడుపు ఎప్పుడూ వినబడలేదు. మౌనం పాటించాల్సిన లెక్చరర్లు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు. అమ్మాయి గోడకు ఆనుకుని తెల్లబోయి చూస్తోంది. ఒక గంట అనుకున్న అబద్ధం వాళ్లమ్మ కళ్లలోంచి కారుతోంది. నాకు సిగ్గేసింది, మినిట్స్ పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాను.

"వీళ్లెవరు?" అన్నాడు సెక్రటరీ.

"ఈ నవల పాఠకులండీ," అన్నాడు మా హెడ్. క్షణంలో ఎలా తట్టిందో. "మా విద్యార్థిని వాళ్ల ఇంట్లోవాళ్లు. ఆ అమ్మాయి ఈ నవల మీదే ప్రాజెక్టు చేస్తోంది." సెక్రటరీకి సంతోషమైంది. ఫోటోగ్రాఫర్‌ని పిలిచి ఆడవాళ్లతో ఫోటో దిగాడు.

సభ ముగిశాక అందరికీ కాఫీ ఇచ్చారు. అమ్మాయి తల్లిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. గేటు పక్కన, ఫ్లెక్స్ నీడలో, చెప్పేసింది.

తల్లితో పాటే బయటికొచ్చిన ముసలావిడ, "పావం, పోనీలే, బతికే ఉండాది గదా," అంది. తల్లి ఆమెను పట్టించుకోలేదు.

"బతికుండే మనిషికా నాచేత ఏడిపిచ్చినావు?" అంది కూతురితో. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వూ తెలిసే కూచోనుండావా నాయనా లోపల?"

"తెలుసమ్మా. చెప్తే పుస్తకం తీసేస్తారని..."

"అంటే మీ కాలేజీలో సచ్చినోళ్లకేనా మర్యాద?"

దీనికి జవాబు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే నాకు రాయండి. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. గిరుక్కున తిరిగి హాల్లోకి నడిచింది. సెక్రటరీ, హెడ్ కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి వెళ్లి ఫోటో మీంచి తన దండ తీసింది. పక్కనున్న కాలేజీ దండ కూడా తీసి బెంచీ మీద పెట్టింది. దీపం కొండెక్కించింది.

"ఏమమ్మా, ఏం చేస్తున్నావ్?" అన్నాడు హెడ్.

"ఈ యమ్మ ఉండాది సామీ. ఉండేవాళ్ల ఫోటోకు దండ ఎయ్యకూడదు."

అమ్మాయి ఫోన్ ముందుకు చాపింది. కేకు, పిల్లలు, రంగులు. సెక్రటరీ ఫోన్ వైపు, బయట ఫ్లెక్స్ మీద తన ఫోటో వైపు మార్చి మార్చి చూశాడు. "రేపు నాకూ ఇలాగే చేస్తారా సార్?" అని హెడ్‌ని అడిగి, కాఫీ పూర్తి చెయ్యకుండా కారెక్కాడు.

"మా యమ్మ దండతో పాటు నా ప్రాజెక్టు కూడా తీసేసింది సార్," అంది అమ్మాయి. తల్లీ కూతుళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా వెళ్లిపోయారు.

మర్నాడు అమ్మాయి కాలేజీకి రాలేదు. మా హెడ్ మాత్రం అందరికంటే ముందొచ్చాడు. డిపార్ట్‌మెంట్ గదిలో కూర్చుని, "మినిట్స్ తియ్యండి. నిన్నటి తీర్మానం రద్దు. రాయండి," అన్నాడు. గదిలో ఇద్దరు జూనియర్ లెక్చరర్లు తలలు వంచుకుని పేపర్లు దిద్దుతున్నారు.

"కారణం సార్?"

"కారణం ఎందుకు?"

"కారణం లేకుండా ఏ తీర్మానమూ రద్దు చెయ్యకూడదని మీరే రూలు పెట్టారు."

ఆయన పైకి చూశాడు. ఫ్యాన్ తిరుగుతోంది. "సరే. రచయిత్రి బతికి ఉన్నట్టు తెలియవచ్చినందున..."

రాశాను. నా అందమైన చేతిరాతతో, తొందరపడకుండా రాశాను. తర్వాత చదివి వినిపించాను. "రచయిత్రి బతికి ఉన్నట్టు తెలియవచ్చినందున, ఆమె నవలను సిలబస్ నుంచి తొలగించడమైనది."

కిటికీ దగ్గరి జూనియర్‌కి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది.

"మళ్లీ చదవండి," అన్నాడు హెడ్. మళ్లీ చదివాను. రెండోసారి ఇంకా బాగా వినిపించింది.

"ఒక కాపీ సెక్రటరీ గారికి పంపాలి సార్. అధ్యక్షత వహించింది ఆయనే కదా," అన్నాను.

"వేరే కారణం రాయండి."

"చెప్పండి సార్, రాస్తాను."

చాలాసేపు వెతికాడు. ఆయనకున్న కారణాలన్నిటినీ నిన్న ఏడుస్తూ తనే కొట్టేసుకున్నాడు. ఆ ఉపన్యాసమూ మినిట్స్‌లో నా చేతిరాతతోనే ఉంది. చివరికి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ఈసారి నిజంగానే మసకబారి ఉన్నాయి.

"కొట్టెయ్యండి ఆ వాక్యం," అన్నాడు. లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఎలాగూ అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోయేవాళ్లమే కదండీ. ఈవిణ్ణి మనం కాస్త ముందుగా పెట్టుకున్నామనుకోండి."

నేను వెంటనే అమ్మాయి ఇంటికి ఫోన్ చేశాను. తల్లి ఎత్తింది.

"ఆ పిల్ల తెల్లార్తోనే కంపెనీ బండెక్కి పోయినాది నాయనా," అంది. రాత్రంతా నిద్రపోని గొంతు. "నేను పొమ్మనలా. పోవద్దనీ అనలా."

"పుస్తకం ఉందమ్మా. తియ్యలేదు. ప్రాజెక్టు రాయొచ్చు."

అటువైపు ఆమె పక్కన ఎవరో దగ్గుతున్నారు. "సాయంత్రం బండి దిగినాక చెప్తా," అంది.

మర్నాడు అమ్మాయి వచ్చింది. చేతులకు చెప్పుల జిగురు వాసన. "ఆడ కూడా పాట పెడతారు సార్, స్పీకర్లో," అంది. "నిలపమని ఎవురికి చెప్పేది?" ఆ వాక్యంతోనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. వైవాలో బయటినుంచి వచ్చిన మేడమ్ ప్రతి పేజీ తిప్పి తిప్పి అడిగింది. రచయిత్రి ఎప్పుడు చనిపోయారు అన్న ప్రశ్న మాత్రం రాలేదు. ఆ వైపు మాట మళ్లినప్పుడల్లా మా హెడ్ టీ తెప్పించాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరర్. ఆ నవలే పాఠం చెబుతుంది. మా సిలబస్‌లోకి వచ్చింది కాబట్టి బజారు గైడులోకి కూడా రచయిత్రి ఎక్కింది. గైడు వాడు మా గేటు ఫ్లెక్స్ చూసి రాసుకున్నాడో ఏమో, జీవిత విశేషాల్లో ఐదో పాయింటుగా మరణం కూడా పెట్టాడు. ఏటా పిల్లలు అదే రాస్తారు. ఆమెను చంపిన ప్రతివాడికీ ఈ అమ్మాయి ఆ పాయింటు మార్కులు కోసేస్తుంది. నా కాలంలోనైతే పదికి పది వచ్చేవి.

గేటు దగ్గర పీకేసిన ఫ్లెక్స్ ఆ అమ్మాయి వాళ్లింటికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. మా వైపు ఫ్లెక్స్‌ను ఎవరూ పారెయ్యరు, ఏదో ఒక చూరుకు కడతారు. తల్లి దాని పైన ఉన్న "కన్నీటి అంజలి" కత్తిరించేసి, బీడీ ఆకు తడవకుండా వసారాకు కట్టింది. రచయిత్రి మొహం లోపలివైపుకు ఉంది. మా హెడ్, సెక్రటరీ ఉన్న భాగం చూరు అవతలికి వేలాడుతూ వానకు తడుస్తుంటుంది. కావాలని చేసిందా అని అడిగితే, గాలికట్లా తిరిగింది అంటుంది.

ఈ మధ్య పనిమీద గుడియాత్తం వెళితే, ఆ తల్లి బజారులో ఎదురైంది. జుట్టు బాగా నెరిసింది. బీడీలు మానేసింది, దగ్గు మాత్రం మానలేదు. ఎప్పుడు కనబడినా మొదట అడిగేది నా ఆరోగ్యం కాదు.

"ఆ యమ్మ ఉండాదా నాయనా?"

"ఉండాదమ్మా. బాగుండాది. ఇంకో పుస్తకం రాస్తా ఉండాదంట."

ఆమె సంచీ ఇంకో చేతికి మార్చుకుని, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"రాసుకోనీ. మీ కాలేజోళ్లకు మాత్రం చెప్పొద్దు."